తులసికోట ప్రక్కన గంజాయి కుండీ

"తులసివనములో గంజాయి మొక్క" యను సామెతను మన పెద్దలు మనుష్యులను గూర్చి వాడిరి. మంచి యింట పుట్టి చెడుత్రోవ త్రొక్కినవాని నుద్దేశించి అనెడి మాట యది. ఇప్పుడా మాటను అక్షరాల మొక్కను గూర్చియే వాడవలసిన కాలము వచ్చినది. బరంపురములో మన యిండ్ల మేడగదులలోను, డాబాలమీది పూలకుండీల నడుమను, చదువుకొన్న పిల్లలు సరదాకొరకు ఒక్క గంజాయి మొక్కను పెంచి చూడవలెనని తలపోయుచున్నారని కొన్ని మాసములుగా నాకు వినవచ్చుచున్నది. ఒకరిద్దరు గృహస్థులు ఈ విషయమై నన్ను చాటుగా అడిగిరి కూడ. చాటుగా అడిగినదానికి బాహాటముగా సమాధానము చెప్పుటయే మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను న్యాయవాదిని గాను, వైద్యుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి దుకాణమున కూర్చున్నవాడను. ఐనను సరకు కొనునపుడు తూకము చూచుకొనుట మాకు చిన్ననాటి నుండి అలవాటు. ఆ అలవాటు చొప్పుననే ఒక ప్లీడరు మిత్రుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టమును పంక్తి పంక్తిగా చదివించుకొంటిని. దానిలో మన గృహస్థులు తప్పక ఎరుగవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

ఈ విషయమును పత్రికలో పెట్టవద్దని మన సంఘములోనే కొందరు వారించిరి. "లేనిపోని అప్రతిష్ఠ మనమే తెచ్చుకొననేల? ఒరియా సోదరులు ఏమనుకొందురు?" అని వారి బాధ. వారి బాధను నేను అర్థము చేసికొనగలను గాని అంగీకరింపజాలను. అప్రతిష్ఠ వ్రాతవలన రాదు. పోలీసు జీపు గుమ్మము ముందర ఆగిననాడు వచ్చును. ఆనాడు మన సానుభూతి ఆ పిల్లవానికి ఏమియు ఉపకరింపదు.

ముందుగా పిల్లల వాదము వినవలెను. వినకుండ కొట్టివేసినచో వారు మన మాట వినరు. వారు మూర్ఖులు గారు. వారిలో ఒకడు నాతో చెప్పినది ఇది: "మావయ్యా, గింజలు కొనడం తప్పు కాదు, ఆహారంగానే అమ్ముతున్నారు. ఆకు తప్పు కాదు, పూరీలో సర్కారు లైసెన్సు దుకాణంలోనే భంగు అమ్ముతారు. గింజా తప్పు కాక, ఆకూ తప్పు కాక, మధ్యలో మొక్క ఒక్కటే తప్పు ఎలా అవుతుంది? నేనేమీ అమ్మడం లేదు. ఒక్క మొక్క. నా గదిలో."

వినుటకు చాల చక్కగా ఉన్నది గదా. ఇందులో మొదటి రెండు మాటలు నిజములే. చట్టములో గంజాయి యనగా ఆ మొక్క యొక్క పూగుత్తులు, కాయగుత్తులు. గుత్తితో కలసి ఉండని గింజలను, ఆకులను ఆ నిర్వచనమునుండి మినహాయించిరి. 2021 నవంబరులో ఆహార ప్రమాణముల సంస్థ ఈ గింజలను, వాని నూనెను, పిండిని కొన్ని నియమములకు లోబరచి ఆహారముగా అమ్ముటకు అనుమతించినది కూడ. ఆకుతో చేసిన భంగునకు రాష్ట్ర ప్రభుత్వములు లైసెన్సు ఇయ్యవచ్చును. ఇంతవరకు పిల్లవాడు చెప్పినదానిలో తప్పు లేదు.

తప్పంతయు మూడవ మాటలో నున్నది. అదే చట్టము ఎనిమిదవ సెక్షనులో, నల్లమందు మొక్కను గాని, ఏ గంజాయి మొక్కను గాని ఎవ్వరును సాగు చేయరాదని విడిగా చెప్పినది. అక్కడ పూగుత్తుల ప్రసక్తి లేదు, మత్తు ప్రసక్తి లేదు, అమ్మకపు ప్రసక్తి లేదు. గంజాయి మొక్క యనగా ఆ జాతికి చెందిన ఏ మొక్కయైనను అని నిర్వచనము. మగదో ఆడదో తెలియని జానెడు మొలకయైనను ఆ మాటకు లోబడియే యుండును. ఆహారమని కొన్న గింజ డబ్బాలో ఉన్నంతవరకు ఆహారమే. తడిమట్టిలో పెట్టి, మొలకెత్తించి, నీరుపోసి పెంచిననాడు అది సాగు. భంగు దుకాణమునకిచ్చిన లైసెన్సు ఆ దుకాణమునకే గాని మన పెరటికి గాదు. బియ్యపు వర్తకుని లైసెన్సు చూపి పొరుగువాడు బియ్యము అమ్మజాలడు గదా.

ఇక శిక్ష సంగతి. ఇరువదవ సెక్షను మొదటి భాగము ప్రకారము గంజాయి మొక్క సాగునకు 10 సంవత్సరముల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జుల్మానా. ఆ సెక్షను రెండవ భాగములో గంజాయి దగ్గర ఉంచుకొనుట, అమ్ముట, రవాణా చేయుట మొదలైనవానికి మూడు మెట్లు కలవు. వేయి గ్రాముల వరకు చిన్న మొత్తము. దానికి ఒక సంవత్సరము వరకు శిక్ష, లేదా పదివేల రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. 20 కిలోలు దాటినది వాణిజ్య మొత్తము. దానికి 10 సంవత్సరములకు తగ్గని శిక్ష, 20 సంవత్సరముల వరకు పోవచ్చును. నడుమ నున్నదానికి 10 సంవత్సరముల వరకు.

ఇచ్చటనే పాఠకులు ఒక విచిత్రమును గమనింపవలెను. ఈ మెట్లు ఎండిన గంజాయికే గాని సాగునకు లేవు. జేబులో అరకిలో ఎండు గంజాయితో పట్టుబడినవానికి గరిష్ఠ శిక్ష ఒక్క సంవత్సరము. కుండీలో ఒకే ఒక పచ్చి మొక్కతో పట్టుబడినవానికి గరిష్ఠ శిక్ష పది. కొండవాలున పది ఎకరములు వేసినవాడును, చదువుబల్లమీద ఒక కుండీ పెట్టినవాడును ఒకే సెక్షను క్రింద నిలుచుందురు. "ఒక్క మొక్కే గదా" యను మాట మన పిల్లల నోట ధైర్యముగా వచ్చుచున్నది గాని, ఆ "ఒక్క" యను మాటకు చట్టము ప్రత్యేకమైన స్థానమేదియు ఈయలేదు.

ఒక్క కుండీకి ఏ న్యాయమూర్తియైనను పదియేండ్లు వేయునని నేననుట లేదు. పది యనునది పై హద్దు మాత్రమే. మొక్క ఎట్టిది, మొలిపించినవాడెవ్వడు, ఎందుకు పెంచెను అను విచారణ జరుగును, శిక్ష స్వల్పమే కావచ్చును, నిర్దోషియని విడిచియు పెట్టవచ్చును. కాని ఆ విచారణ జరుగుటకు ముందు జరుగునది ఒకటి కలదు. ఇది వారంటు లేకయే పట్టుకొనదగిన నేరము. ప్రత్యేక న్యాయస్థానములో కేసు సంవత్సరములు నడువవచ్చును. ఆ సంవత్సరములలో పాస్‌పోర్టు కావలెనన్న చిక్కు, సర్కారు ఉద్యోగమునకు పోలీసు పరిశీలన వచ్చినపుడు చిక్కు, పెండ్లిమాటలలో చిక్కు. శిక్షయే పడినచో అమెరికా వీసాకు అది పెద్ద అడ్డంకి. మన కుటుంబములలో ఇప్పుడు ఇంటికొక పిల్లవాడు బయటిదేశపు చదువునకో కొలువునకో ఎదురుచూచుచున్నాడు. వాని ఆశ యంతయు ఒక మట్టికుండీమీద పెట్టదగినదా?

పిల్లవాని సంగతి అటుండనిండు. ఇంటి యజమాని సంగతి ఏమి? ఇది మనలో అనేకులు ఎరుగని భాగము.

ఆ చట్టము ఇరువదియైదవ సెక్షను ప్రకారము, ఇంటికి గాని గదికి గాని ఆవరణకు గాని సొంతదారుడైనవాడు, అందు కాపురమున్నవాడు, దానిమీద అధికారము కలవాడు, తెలిసియుండి అందులో ఈ నేరము జరుగనిచ్చినచో, ఆ నేరమునకు ఏ శిక్షయో అదే శిక్ష అతనికిని. "తెలిసియుండి" యను మాటను మరువకుడు. తెలియనివానికి భయము లేదు. కాని తెలిసిన మరునిమిషము నుండి ఆ మాట మనమీదికి వచ్చును. నలుబదియారవ సెక్షనులో, తన భూమిలో గంజాయి మొక్క అక్రమముగా సాగగుచున్నదని తెలిసిన భూస్వామి వెంటనే అధికారులకు తెలుపవలెనని, తెలిసియు ఉపేక్షించినచో శిక్షార్హుడని కలదు. "మా వాడే గదా, నాలుగు దినములు చూచి మానివేయును" అని తల్లి కొంగుచాటున దాచిన సంగతి ఒకనాడు తండ్రిమీదికి రావచ్చునని దీనివలన తేలుచున్నది.

మన బరంపురములో మేడగదులు అద్దెకిచ్చుకొని బ్రతుకుచున్న తెలుగు కుటుంబములు కొద్దికావు. వైద్య కళాశాల పిల్లలు, భంజవిహారములోని విశ్వవిద్యాలయపు పిల్లలు, ఇంజనీరింగు కళాశాలల పిల్లలు మన అద్దెదారులు. పట్టుమగ్గములు మూలబడిన యిండ్లలో ఈ అద్దె సొమ్మే ఇప్పుడు పొయ్యి వెలిగించుచున్నది. అద్దె ముట్టిన పిమ్మట పై మెట్లెక్కి చూడని యజమానులు మనలో అనేకులు. అద్దెదారుని గదిలోనికి వేళగాని వేళ చొరబడుట మర్యాద గాదు, నిజమే. కాని కిటికీ లన్నిటికి నల్లకాగితము అంటించి, రాత్రింబగళ్లు లోపల తెల్లని వెలుతురు వెలుగుచు, ఒక్కడున్న గదికి నలుగురు కాపురమున్నంత కరెంటు బిల్లు వచ్చుచుండగా, సందేహింపకుండుట అమాయకత్వము. ఈ మొక్క పూతకు వచ్చినపుడు దాని వాసన తలుపులు దాటి వీధివరకు వచ్చును. ఊదువత్తులతో కప్పిపుచ్చజాలని వాసన యది.

ఇట్టివి ఎక్కడనో జరుగునని అనుకొనవలదు. 2023 జూన్‌లో కర్ణాటకములోని శివమొగ్గలో ఒక అద్దెయింట గుడారమువంటిది వేసి, దీపములు ఫంకాలు అమర్చి గంజాయి పెంచిరని వైద్యవిద్యార్థులను పట్టుకొనిరి. డాక్టర్లు కావలసిన పిల్లలు! 2024 నవంబరులో బెంగుళూరులో జరిగినది ఇంకను విడ్డూరము. ఒక భార్యాభర్తలు తమ బాల్కనీలోని పూలకుండీలను ఫోటో తీసి ముచ్చటపడి ఫేస్‌బుక్కులో పెట్టిరి. కుండీలు మొత్తము 17, వానిలో గంజాయివి రెండే. చూచినవా రెవ్వరో పోలీసులకు తెలిపిరి. దొరికిన గంజాయి 54 గ్రాములు, అనగా మన యింట తాలింపు దినుసుల డబ్బాలో పట్టునంత. ఐనను దంపతు లిద్దరిమీదను కేసు. హైదరాబాదు మణికొండలో కొన్నియేండ్ల క్రిందట ఒక ఫ్లాటులో కుండీలతో తోటయే పెంచినవానిని పట్టుకొనిరి. వీరిలో ఎవ్వరును కొండదారుల రవాణాదారులు గారు. మనవంటి మధ్యతరగతి యిండ్లవారే.

ఇక్కడ మన పెద్దలలో కొందరు అడ్డుతగిలెదరు. "మా తాతలనాడు పెరటిలో ఈ మొక్క ఉండలేదా? త్రినాథ మేళాలో చిలుము పెట్టలేదా? అప్పుడు లేని పాపము ఇప్పుడెక్కడిది?" అని. ఈ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. ఏలయన అందులో సత్యము కలదు.

త్రినాథ మేళా మన గంజాము ప్రాంతములోను, ఒడిశా అంతటను, శ్రీకాకుళపు గ్రామములలోను ప్రసిద్ధమైనది. పేదవాని పూజ యది. పైస నూనె, పైస తాంబూలము, పైస గంజాయి, మూడు పైసలతో బ్రహ్మ విష్ణు మహేశ్వరులు ముగ్గురును సంతోషింతురని కథ. బ్రిటిషువారు 1893లో నియమించిన గంజాయి విచారణ కమిషను తన నివేదికలో ఈ త్రినాథ పూజను కూడ ప్రస్తావించినది. ఆ కమిషను దేశమంతయు తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటముల నివేదిక సమర్పించెను. మితముగా వాడువారికి చెప్పుకొనదగినంత హాని కానరాలేదనియు, పూర్తిగా నిషేధించుట అనవసరమనియు, లైసెన్సు పెట్టి పన్ను వేసి అదుపులో నుంచిన చాలుననియు దాని తీర్పు.

అప్పుడు మన గంజాము జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. 1936 ఏప్రిల్ 1 వరకు అట్లే యుండెను. ఆ రాజధానిలో గంజాయి ముఖ్యముగా సేద్యమగుచుండిన చోట్లు రెండని ఆ నివేదికలో కలదు. ఒకటి తమిళదేశమున వేలూరు సమీపమందలి కణియంబాడి. రెండవది మన తెలుగునాటనే, నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరును చుట్టుపట్ల గ్రామములును. దానికి దాపుననే చినగంజాం, పెదగంజాం అను ఊళ్లున్నవి. మన జిల్లా పేరునుబట్టి వేళాకోళము చేయువారికి ఈ ఊళ్ల పేర్లు మరింత మేత. గంజాము పేరునకు గంజాయితో సంబంధము లేదు. ధాన్యపు కొట్టు, సంత అను అర్థము గల "గంజ్" అను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. వర్తకులమైన మనము ఆ మాటను గర్వముగా చెప్పుకొనవచ్చును.

ఆ కాలపు సేద్యము ఎంత కట్టుదిట్టమైనదో కూడ తెలియవలెను. వంగదేశమున నౌగావ్‌లో, అనగా నేటి బంగ్లాదేశములో, లైసెన్సు గల రైతులే వేసెడివారు. పంటయంతయు సర్కారు గిడ్డంగికి చేరెడిది. 1917లో వారికి సహకార సంఘము కూడ ఏర్పడెను. మగమొక్క పుప్పొడి సోకినచో ఆడమొక్క గింజకట్టి సరకు చెడును గనుక, మగమొక్కలను గుర్తించి పెరికించుటకు నిపుణుని కూలికి పెట్టుకొనెడివారు. వానిని "గంజాయి డాక్టరు" అని పిలిచెడివారట! తాతలనాడు అంతయు స్వేచ్ఛ యని చెప్పుకొనువారు ఈ లైసెన్సులను, గిడ్డంగులను మరచుచున్నారు.

తరువాత కాలము మారెను. 1961లో ఐక్యరాజ్యసమితి పక్షమున మాదకద్రవ్యములపై ఒడంబడిక జరిగెను. అది 1964 డిసెంబరులో అమలునకు వచ్చెను. వైద్యమునకు గాక వేరు పనులకు గంజాయి వాడుకను 25 సంవత్సరములలోపల మాన్పవలెనని దానిలో గడువు. భారతదేశము దానిపై సంతకము చేసినది. మన దేశమున ఆకును మినహాయించుట కూడ ఆ ఒడంబడికలోని నిర్వచనము ననుసరించియే. ఆ గడువు ముగియుటకు నాలుగేండ్లు ముందుగా మన చట్టము 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చెను. తాతగారి పెరటికి, మనుమని కుండీకి నడుమ ఆ తేదీ నిలిచియున్నది. 2023లో ఒడిశా ప్రభుత్వము శివాలయములలో సైతము గంజాయి వాడుకను అరికట్టవలెనని జిల్లా అధికారులకు ఉత్తరువు లిచ్చినది. దేవుని గుడిలోనే వలదన్నదానిని మేడగదిలో ఎట్లు సమర్థింతుము?

విదేశముల మాట కూడ పిల్లలు తెచ్చెదరు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుండి వయోజనుడు ఇంట మూడు మొక్కలవరకు పెంచుకొనవచ్చును. కెనడాలో 2018 అక్టోబరు 17 నుండి ఇంటికి నాలుగు. అది నిజమే. కాని అదే కెనడాలో క్వెబెక్ రాష్ట్రము ఇంటి సాగును నిషేధించినది, 2023లో వారి సుప్రీము కోర్టు ఆ నిషేధమును నిలిపినది. మన తెలుగువారు గుంపులుగా నున్న న్యూజెర్సీలో 2022లో పెద్దలకు దుకాణములు తెరచినపుడును ఇంట మొక్క పెంచుటను నేరముగనే ఉంచిరి. థాయిలాండు 2022లో తలుపులన్నియు తెరచి, 2025లో పూగుత్తులకు వైద్యుని చీటీ కావలెనని మరల బిగించెను. దేశము మారిన చట్టము మారును. బెర్లినులో తప్పుగానిది బరంపురములో తప్పు. అక్కడనుండి సెలవునకు వచ్చు అబ్బాయిలు ఈ తేడాను విమానములోనే గుర్తుచేసికొనుట మంచిది.

ఆరోగ్యము గూర్చి నేను ఎక్కువ వ్రాయను, అది వైద్యుల పని. ఒక్కటి చెప్పెదను. తాతలనాటి మొక్క వేరు, నేడు విదేశములలో ఎంపికచేసి పెంచుచున్న జాతులు వేరు. వీనిలో మత్తుపదార్థపు పాలు చాల హెచ్చు. ఐరోపాలోను బ్రెజిలులోను 11 చోట్ల జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి ఘాటైన సరకును ప్రతిదినము వాడువారికి మతిభ్రమణ వ్యాధి సోకు అవకాశము వాడనివారికన్న ఇంచుమించు ఐదు రెట్లని తేలెను. 1894 నాటి కమిషను తీర్పును నేటి మొక్కకు అన్వయింపరాదనుటకు ఇది చాలును.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకముగా సంబంధించిన సంగతి. మల్కనగిరి, కొరాపుట్, గజపతి, కంధమాల్ కొండలలోను, సరిహద్దు కావల విశాఖ మన్యములోను గంజాయి సాగగుచున్నదని పత్రికలలో చూచుచునే యున్నాము. ఆంధ్ర పోలీసులు 2021 చివర "పరివర్తన" అను పేర మన్యములో వేల ఎకరముల తోటలు నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు కుప్పపోసి తగులబెట్టిరి. ఆ సరకు రైళ్లలో పోవుచు మన బరంపురము స్టేషనులో పట్టుబడిన వార్త వచ్చినప్పుడెల్ల "ఆంధ్రావాడు" అను మాట వెంట వచ్చును. సరిహద్దు నవతలనుండి నిన్న వచ్చినవాడును, ఆరు తరములుగా ఈ ఊరి బుఢీ ఠాకురాణి యాత్రలో కావడి మోసిన యింటివాడును ఆ మాటకు ఒకటే. మన యింటి పేరుగల పిల్లవాడు ఒక్క కుండీతో పట్టుబడినను వార్తలో వాడు ఆ గొలుసులో ఒక కొక్కెముగా కనబడును. ఇది న్యాయము గాదు. ఐనను ఇట్లు జరుగును.

అట్లని పరువుకొరకే పిల్లలను అదుపుచేయవలెనని నేననను. పరువు మన బాధ, పదియేండ్లు వాని బాధ. వాని బాధ పెద్దది.

నా వద్దకు వచ్చిన ఒక గృహస్థు సంగతి చెప్పి ఈ భాగమును ముగించెదను. పేరు, వీధి చెప్పను. దుకాణము కట్టు వేళకు వచ్చి, గల్లాపెట్టె ప్రక్కన చాలసేపు ఊరక కూర్చుండి, "అన్నగారూ, మా చెల్లెలి కొడుకు పై గదిలో ఒక మొక్క పెంచుతున్నాడు. పీకేద్దామంటే కొట్లాటకి వస్తున్నాడు. పోలీసుకి చెబుదామంటే చెల్లెలి ముఖం ఎలా చూడను?" అనెను. నేను ఏ సలహాయు ఈయక, ఆ రాత్రియే ఆ పిల్లవానిని మా ప్లీడరు మిత్రుని యింటికి తీసికొనిరమ్మంటిని. ప్లీడరుగారు తిట్టలేదు, నీతులు చెప్పలేదు. పుస్తకము తెరచి ఇరువదవ సెక్షను వాని చేతనే చదివించిరి. తరువాత ఇరువదియైదవ సెక్షను. "ఇల్లు ఎవరి పేర ఉంది బాబూ?" అని అడిగిరి. మేనమామ పేర. పిల్లవాడు రెండవసారి చదువుకొని మేనమామ వైపు చూచెను. అంతవరకు వానికి ఆ కుండీ తన ఒక్కని సంగతియే. అటుపిమ్మట జరిగినదంతయు ప్లీడరుగారి సలహా చొప్పున జరిగినది, దానిని ఇచ్చట వ్రాయుట తగదు. పిల్లవాడు చదువుకొనుచున్నాడు.

ఈ ఉదంతమువలన నాకు తోచినది, మన యువకులకు భయము చెప్పినవారున్నారు గాని చట్టము చెప్పినవారు లేరని. పాఠశాలలలో "మత్తు వలదు" అని ఊరేగింపులు చేయింతురు, బొమ్మలు వేయింతురు. గింజ, ఆకు, మొక్క, పూగుత్తి అను నాలుగింటిలో ఏది చట్టమునకు లోబడినది, ఏది కాదు అని ఒక్క మాస్టరైనను చెప్పినట్లు నేను వినలేదు. సగము నిజము అంతర్జాలములో దొరకును. మిగిలిన సగము జైలులో దొరకును.

చట్టమును గూర్చియు నా అభిప్రాయము దాచను. దొంగరవాణా సొమ్ముతో మేడలు కట్టినవానిని, ఒక్క కుండీ పెట్టిన పందొమ్మిదేండ్ల విద్యార్థిని ఒకే సెక్షను క్రింద నిలుపుట సరికాదు. ఎండు సరకునకు చిన్న మొత్తము, పెద్ద మొత్తము అని మెట్లు కట్టిన పార్లమెంటు, 2001లో ఆ సవరణ చేసినపుడే మొక్కలకును లెక్క కట్టియుండవలసినది. సాగు వలదనుట వేరు, శిక్షలో తారతమ్యము వలదనుట వేరు. ఈ విషయమై మన సంఘము పక్షమున బరంపురము పార్లమెంటు సభ్యునికి ఒక వినతిపత్రము పంపవలెనని నేను కార్యవర్గములో ప్రతిపాదింపదలచినాను. "మనకెందుకు, గంజాయివాళ్ల పక్షమున మాట్లాడినట్లుండును" అని కొందరు అడ్డుచెప్పుదురని ఎరుగుదును. చట్టమును పాటించుచునే దానిని సవరింపుమని కోరుట పౌరుని హక్కు. వర్తకులము అమ్మకపు పన్నుమీద ఎన్ని వినతిపత్రములు పెట్టలేదు? పన్ను కట్టుచునే గదా పెట్టితిమి.

అంతవరకు మన యిండ్లలో చేయదగినది కలదు. మొక్క కనబడినచో దాచకుడు, పొరుగువాని గోడవతలకు విసరకుడు, ఆ దినముననే న్యాయవాదిని కలియుడు. పిల్లవానికి వాడుక అలవాటైనదని తోచినచో అది వేరు సంగతి, దానికి వేరు త్రోవ. ఆ చట్టములోనే అరువదినాలుగవ సెక్షనుకు చేర్చిన "ఏ" విభాగము ప్రకారము, తన వాడుకకుగాని చిన్న మొత్తమునకుగాని కేసు పెట్టబడిన వ్యసనపరుడు తనంతట తాను సర్కారు ఆసుపత్రిలో గాని గుర్తింపు గల సంస్థలో గాని వైద్యమునకు చేరి దానిని పూర్తిచేసినచో, ఆ కేసునుండి విముక్తి కలదు. సాగుకేసునకు ఈ విముక్తి వర్తింపదు, గమనింపుడు. మాట్లాడుటకు మొగమాటపడువారికి కేంద్రప్రభుత్వపు ఉచిత టెలిఫోను 14446 కలదు. మన ఊరి వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. అచ్చటికి పోవుట సిగ్గుపడవలసిన పని గాదు. 2019లో ప్రకటించిన కేంద్రప్రభుత్వపు లెక్కలలో ఏడాదిలో ఒకమారైనను భంగో గంజాయో చరసో వాడినవారు దేశమున సుమారు మూడు కోట్ల పదిలక్షలమంది. మన పిల్లవాడొక్కడే పుట్టిచెడినవాడని తలబాదుకొననక్కరలేదు.

గదులు అద్దెకిచ్చు గృహస్థులకొరకు అద్దె పత్రములో చేర్చదగిన ఒక షరతును ప్లీడరుగారు వ్రాసియిచ్చిరి. మాసమునకొకమారు ముందుగా చెప్పి గది చూచుకొను హక్కు, నిషిద్ధమైన మొక్క గాని సరకు గాని కనబడినచో తక్షణము గది ఖాళీ చేయించి అధికారులకు తెలుపు హక్కు అందు కలవు. తెలుగులోను ఒరియాలోను ప్రతులు తీయించితిమి. కావలసినవారు ఏ సాయంత్రమైనను సంఘ కార్యాలయమునకు వచ్చి తీసికొనవచ్చును. వెల లేదు. ఇప్పటికే అద్దెకున్న పిల్లలచేత కూడ సంతకము చేయించుట మరువకుడు, పాత పత్రమునకు దీనిని జతపరచిన చాలును.